ఇంటిపని ఎవరి ఇంటిది?

సాయంత్రం బడి విడిచేముందు నల్లబల్ల కుడివైపు మూలన ఒక గీత గీసి, దాని పక్కన ‘ఇంటిపని’ అని రాస్తాం. కింద మూడు వరుసలు ఉంటాయి. తెలుగు: పాఠంలో ఒక పేరా చూచిరాత. లెక్కలు: నాలుగో ఎక్కం రెండుసార్లు. ఇంగ్లీషు: ఐదు మాటలు, ఒక్కోటి ఐదుసార్లు. పిల్లలు దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు, మేము గంట కొడతాం. ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాం. ఆ పని ఏ ఇంటికి పోతోంది, అక్కడ దాన్ని ఎవరు చేయిస్తున్నారు అని మాత్రం చాలాకాలం ఆలోచించలేదు.

‘మేము’ అంటే ఎవరో ముందే చెప్పాలి. గోదావరి ఏజెన్సీలో ప్రాథమిక బడుల్లో పనిచేస్తున్న కోయ టీచర్లం. పోడు చేసుకునే ఇళ్లలో పుట్టి, ఆశ్రమ పాఠశాలల్లో చదివి, టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లం. కాబట్టి ఈ వ్యాసంలో చేసే విమర్శ బయటివాళ్ల మీద రాళ్లు వేయడానికి కాదు. మొదటి రాయి మా మీదే పడుతుంది.

ముందు బడి రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. ప్రార్థన, ప్రతిజ్ఞ, హాజరు. హాజరు రెండుసార్లు: ఒకసారి రిజిస్టర్లో, మరోసారి ఫోన్లో. ఫోన్లో వేయాలంటే సిగ్నల్ కోసం చింతచెట్టు దాటి గట్టు మీదికి పోవాలి. ఆ తర్వాత వంటమనిషికి బియ్యం, గుడ్లు లెక్కపెట్టి ఇవ్వాలి. అప్పుడు మొదలవుతుంది పాఠం. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడిలో కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మా గూడేల్లో ఒక్క టీచరే ఐదు తరగతులు నడిపే బడులు ఎన్నో ఉన్నాయి. రెండో పోస్టు కాగితం మీద ఉంటుంది, మనిషి డిప్యుటేషన్ మీద ఎక్కడో ఉంటాడు.

ఒక పీరియడు నలభై నిమిషాలు అనుకుందాం. ఐదు తరగతులకు పంచితే తరగతికి ఎనిమిది నిమిషాలు వస్తాయి. ఒక తరగతికి చెబుతున్నప్పుడు మిగతా నాలుగు తరగతులు గోల చేయకుండా ఉండాలి. అందుకు మేము కనిపెట్టిన మందు రాత. ‘ఈ పేజీ చూసి రాయండి’, ‘ఎక్కాలు రాయండి’, ‘అక్షరాలు దిద్దండి’. పిల్లలు తల వంచుకుని రాస్తుంటే బడి నడుస్తున్నట్టే కనిపిస్తుంది. గుమ్మంలో నిలబడి చూసే అధికారికి అలాగే కనిపిస్తుంది, మాకూ అలాగే కనిపిస్తుంది. ఆ రాతలో చదువు ఎంత, పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడం ఎంత అని విడదీసి చూస్తే మాకు సిగ్గేస్తుంది. పగలు బడిలో మిగిలిపోయిన ఆ రాతే సాయంత్రం ‘ఇంటిపని’ అన్న పేరుతో సంచిలో ఇంటికి పోతుంది.

ఇక మాట సంగతి. రెండో తరగతి పిల్లలకు తేలిక అక్షరాల మాటలు నేర్పుతూ ఒకరోజు ‘నారు’, ‘ఏరు’ అని బల్ల మీద రాశాం. అర్థాలు రాసుకుని రమ్మన్నాం. మర్నాడు ఒక పిల్లాడి పుస్తకంలో నారు అంటే ఊరు, ఏరు అంటే నీళ్లు అని ఉంది. మేము రెండింటికీ ఎర్ర పెన్నుతో అడ్డగీత పెట్టేశాం. సాయంత్రం సైకిలు మీద ఇంటికి వస్తుంటే దారిలో గుర్తొచ్చింది. మా కోయలో నారు అంటే ఊరే, ఏరు అంటే నీళ్లే. ఆ పిల్లాడు తప్పు రాయలేదు, తన భాషలో ఒప్పు రాశాడు. తెలుగులో నారు వరిమడిలో పోసేది, ఏరు ఊరి పక్కన పారేది. రెండు భాషలూ ఒకే ద్రావిడ కుటుంబానివి, మాటలు పక్కపక్కనే ఉంటాయి, అర్థం మాత్రం జరిగిపోతుంది. ‘నువ్వు రాసింది కోయలో సరే, తెలుగులో దీనికి ఇంకో అర్థం ఉంది’ అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్లాడు ఆ రోజు రెండు భాషలు నేర్చుకునేవాడు. మేము అడ్డగీత పెట్టడం వల్ల, ఇంట్లో అమ్మ చెప్పే అర్థం బడిలో చెల్లదని మాత్రమే నేర్చుకున్నాడు. కోయ తెలియని టీచరు ఆ పని చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. మేము తెలిసి చేశాం. మేము చదివిన ఆశ్రమ పాఠశాలలో కోయలో మాట్లాడితే ఎండలో నిలబెట్టేవారు. ఆ ఎండ మా ఒంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ సంచి వెంట ఇంటిదాకా వెళదాం. ఇంటిపని ఇచ్చే పద్ధతి ఒక రకమైన ఇంటిని ఊహించుకుని తయారైంది. అందులో తెలుగు చదవగలిగిన అమ్మో నాన్నో ఉంటారు. సాయంత్రం పిల్లలతో కూర్చునే తీరిక ఉంటుంది. వెలుగున్న ఒక మూల ఉంటుంది. ‘పేపర్లో బొమ్మలు కత్తిరించి అతికించండి’ అంటే ఇంట్లో పాత పేపర్లు ఉంటాయి. మా పిల్లల ఇళ్లలో అమ్మ చేను నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. పిల్ల బోరింగు నుంచి నీళ్లు తేవాలి, మేకల్ని దొడ్లోకి తోలాలి, చంటివాణ్ని ఎత్తుకోవాలి. కరెంటు ఉన్నా వానాకాలం గాలి వస్తే రెండు మూడు రోజులు ఉండదు. పాఠంలో మాట అర్థం కాకపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. చదువుకున్న అక్క ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటుంది, పండగకు తప్ప రాదు.

అయినా మర్నాడు పుస్తకాలు నిండి వస్తాయి. ఎలా వస్తాయో మాకు తెలుసు. గూడెంలో ఒక పిల్ల బాగా రాస్తుంది. పొద్దున్నే ప్రార్థనకు ముందు మిగతావాళ్లు ఆమె చుట్టూ చేరి ఎక్కించుకుంటారు. ఒకరోజు పదకొండు పుస్తకాల్లో ‘వ్యవసాయం’ అనే మాట ‘వ్వవసాయం’ అని ఉంది. పదకొండు మందీ వ్యవసాయం చేసే ఇళ్ల పిల్లలే. ఆ పదకొండు తప్పులూ ఒకే తప్పు. అయినా పదకొండు పుస్తకాల్లోనూ ఎర్ర టిక్కు పెట్టి, తేదీ వేసి, సంతకం చేశాం. ఎందుకంటే నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలకు మార్కులు వేయాలి, ప్రాజెక్టు పనులకు మార్కులు వేయాలి, తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది పుస్తకాలే. పిల్ల నేర్చిందా అని అడగడం కష్టం. పుస్తకం నిండిందా అని చూడటం తేలిక.

దీనివల్ల పోయేది కాగితాలే అయితే ఈ వ్యాసం రాయక్కర్లేదు. పోయేది పిల్లలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యే నాటికే మా అడవుల్లో ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. అది తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కేలోపు, పశువులు తినేలోపు ఏరుకోవాలి. ఇంట్లో అందరూ చీకటితోనే చెట్ల కిందికి పోతారు. సరిగ్గా అదే వేళకు మేము బడి గంటను ముందుకు జరుపుతాం. అలాంటి ఒక మార్చిలో మూడో తరగతి పాప ఒకతి మూడు రోజులు వరసగా ఆలస్యంగా వచ్చింది. ఇంటిపని చేయలేదు. నాలుగో ఎక్కం అప్పజెప్పమంటే నోరు విప్పలేదు. మూడు రోజులూ గోడ పక్కన నిలబెట్టాం. నాలుగో రోజు నుంచి రాలేదు.

వారం తర్వాత ఇంటికి వెళ్లాం. వాకిట్లో చాపల మీద ఇప్పపువ్వు ఎండుతోంది. పాప వాళ్ల అవ్వతో కలిసి ఎండిన పువ్వును మానికతో కొలుస్తోంది. అక్కడ నాలుగు మానికలు ఒక కుంచం. మేము ఊరికే కోయలో అడిగాం, ఏడు కుంచాలు పోస్తే ఎన్ని మానికలు అని. తల ఎత్తకుండానే ఇరవై ఎనిమిది అంది. గోడ పక్కన నిలబడినప్పుడు ఆ పిల్ల నోట్లోంచి రాని ఎక్కం అదే.

అలాగని ఆ పిల్లకు లెక్కలు వచ్చేశాయని మేము అనడం లేదు. నాలుగు ఇంటూ ఏడు అని రాసి చూపిస్తే ఆమెకు తెలియలేదు. సంతలో కాటా వేసేవాడు మానికల్లో మాట్లాడడు, కిలోల్లో మాట్లాడతాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చదవడం రాకపోతే ఆ కుంచాల లెక్క సంత దారిలోనే పోతుంది. మన అమ్మానాన్నలు తరతరాలుగా మోసపోయింది ఆ కాటా దగ్గరే. మానిక నుంచి కిలోకు, చేతిలో ఉన్న లెక్క నుంచి కాగితం మీది లెక్కకు దారి వేయడమే బడి పని. తునికాకు కట్టకు యాభై ఆకులని మన పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై కట్టలంటే వెయ్యి ఆకులని, కల్లందారు పుస్తకంలో రాసిన అంకెను సరిచూసుకోవచ్చని బడి చెప్పాలి. ఆ దారి వేయకుండా మేము ఎక్కాన్ని ఇంటికి పంపాం. ఇంట్లో ఉన్న ఎక్కాన్ని మాత్రం బడికి రానివ్వలేదు. ఒక్క మాట ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. పిల్లలు బడి మాని పువ్వు ఏరాలని మేము అనడం లేదు. ఆ ఇంటికి ఆ నెలలో వచ్చే డబ్బు ఏమిటో తెలుసుకోకుండా పిల్లను గోడ పక్కన నిలబెట్టడం తప్పు అంటున్నాం.

ఇందుకు ఎదురు మాటలు వినిపిస్తాయి. మొదటిది తల్లిదండ్రులదే. ‘సారూ, మా వాడికి రాయడానికేం ఇవ్వట్లేదేంది, కాన్వెంటు పిల్లలు రాత్రి దాకా రాస్తారంట’ అని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. చదువు లేనివాళ్లకు చదువు కనబడేది పుస్తకం నిండటంలోనే. టౌన్లో ఉద్యోగం చేసేవాళ్ల పిల్లలు రాస్తున్నారు, మన పిల్లలూ రాస్తే వాళ్లలాగే అవుతారనుకుంటారు. తెలుగు, ఇంగ్లీషు బాగా రావాలన్న వాళ్ల కోరిక న్యాయమైనది. మన పిల్లల్ని కోయ దగ్గరే ఆపేయాలని మేమూ కోరుకోవడం లేదు. కానీ అర్థం కాని మాటను ఐదుసార్లు రాస్తే అది ఐదుసార్లు అర్థం కాకుండా ఉంటుంది, అంతే. తెలిసిన భాషలో ఆలోచన నిలబడితే రెండో భాష దాని మీద నిలబడుతుంది.

రెండో మాట, ఇది ప్రభుత్వ పద్ధతి, మనమేం చేయగలం అని. ప్రభుత్వ కాగితాలు నిజంగా ఏం చెబుతున్నాయో చూద్దాం. 1993లో యశ్‌పాల్ కమిటీ ‘భారం లేని చదువు’ నివేదికలో, ప్రాథమిక తరగతులకు ఇంటిపని వద్దని, ఇస్తే ఇంటి పరిసరాలను పరిశీలించే పని మాత్రమే ఇవ్వాలని చెప్పింది. కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని అసలు వద్దంది. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలోనే ఉండాలంది. అంటే మేము రోజూ నల్లబల్ల మూలన రాసేది ప్రభుత్వం ఆజ్ఞాపించినది కాదు. అలవాటు ఆజ్ఞాపించినది.

అయితే ప్రభుత్వాలను వదిలిపెట్టలేం. ఏటా ఆగస్టు 29న బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, గిడుగు రామమూర్తి ఫొటోకు దండ వేస్తాం. తెలుగు వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకు చెబుతాం. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసి, బళ్లు నడిపారన్న సంగతి చెప్పం. నూరేళ్లు దాటిన ఆ పని ఇంకా మొదట్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితో వాచకాలు తయారుచేసే కార్యక్రమం మొదలైంది. అది మంచి పని. కానీ పుస్తకం ఒక్కటే బడికి వస్తే చాలదు, ఆ భాష మాట్లాడే టీచరు రావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల తగాదాగానే చాలామంది చూశారు. ఒకటో తరగతి పిల్ల కడుపునొప్పి అని కోయలో చెబితే అర్థం చేసుకునే మనిషి బడిలో ఉంటాడా లేదా అన్న సంగతి కూడా అందులో ఉందని మేము చెప్పదలుచుకున్నాం. అయితే కోయ టీచరు ఉంటేనే సరిపోదని మా ఎర్ర పెన్నే సాక్ష్యం.

ఆ పాప ఇంటి నుంచి వచ్చాక మేము ఇంటిపనిని కొంచెం మార్చి చూశాం. గొప్ప ప్రయోగమేమీ కాదు. తర్వాతి వానాకాలం మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఒక పని ఇచ్చాం. ‘ఈ కాలంలో అడవి నుంచి తెచ్చుకునే కూరలు ఐదింటి పేర్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి. కోయలో చెప్పాలి. రాయకపోయినా ఫర్వాలేదు, గుర్తు పెట్టుకుని రండి.’ మర్నాడు బడిలో ఎప్పుడూ లేనంత గోల. చెంచలికూర, తుమ్మికూర, వెదురు కొమ్ములు, పుట్టగొడుగుల్లోనే నాలుగు రకాలు. పిల్లలు కోయ పేర్లు చెబుతుంటే మేము తెలుగు అక్షరాల్లో బల్ల మీద రాశాం, పక్కన తెలుగు పేరు రాశాం. ఒకే కూరకు రెండు గూడేల వాళ్లు రెండు పేర్లు చెప్పి వాదించుకున్నారు. జూన్ నుంచి ఒక్క మాట మాట్లాడని పిల్లాడు లేచి, ఏ పుట్టగొడుగు తింటే వాంతులవుతాయో చెప్పాడు. ఆ రోజు చూచిరాత లేదు. కానీ పిల్లలు వాళ్లంతట వాళ్లే బల్ల మీది మాటలు ఎక్కించుకున్నారు.

అందులో ఒక కూర పేరు మాకు తెలియలేదు. పిల్ల కోయలో చెప్పింది, ఆకు ఎలా ఉంటుందో చేతులతో చూపించింది, మాకు తట్టలేదు. మధ్యాహ్నం అన్నం వేళకు ఆ పిల్ల అవ్వ ఆకు పట్టుకుని బడికి వచ్చింది. గడప దగ్గరే కూర్చుని కోయలో అడిగింది: ‘కోయ బిడ్డవే కదా సారూ, ఈ మాట మరిచిపోయినవా? మీ అమ్మ వండలేదా?’ వండింది. మేము హాస్టల్లో ఉన్న పదేళ్లలో ఎన్నో వండి ఉంటుంది. ఆ పదేళ్లలో ఎన్ని మాటలు మాకు అందకుండా పోయాయో ఆ రోజు లెక్కకు వచ్చింది. మేము పిల్లలకు ఇస్తున్న ఇంటిపని మా చేత ఎవరూ చేయించలేదు.

అంతా సాఫీగా సాగిందని చెప్పం. ఇద్దరు పిల్లలు ఏమీ అడక్కుండానే వచ్చారు. ఒక ఇంటివాళ్లు ‘ఇవి నేర్పడానికి బడి దేనికి’ అన్నారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి పుస్తకాలు తిరగేసి, ఇంటిపని సరిగా ఇవ్వడం లేదని సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లారు. ఆ తర్వాత రెండు నెలలు భయపడి మళ్లీ చూచిరాతే ఇచ్చాం. అది మా పిరికితనం. ఇప్పుడు వారానికి రెండు రోజులు అడిగి తెచ్చే పని, ఒక రోజు చదువుకునే పని ఇస్తున్నాం. చదివే పని బడిలో అర్థమైన పాఠం నుంచే ఇస్తాం. ఒకటి, రెండు తరగతులకు ఏమీ ఇవ్వం. ఇప్పపువ్వు పాప తిరిగి వచ్చింది. కానీ అప్పటికి ఒక నెల చదువు పోయింది. ఆ నెలను మేము తిరిగి ఇవ్వలేకపోయాం.

మేము అడిగేవి పెద్ద కోరికలు కాదు. ఏజెన్సీ బడుల పరీక్షల తేదీలు, ఒంటిపూట బడి వేళలు ఇప్పపువ్వు కాలాన్ని చూసి ఐటీడీఏలు నిర్ణయించాలి. ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచరు కాగితం మీద కాక తరగతిలో ఉండాలి. కోయ రాని టీచర్లకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే కోయ నేర్పాలి. తనిఖీకి వచ్చేవాళ్లు పుస్తకంతో పాటు పిల్లతో కూడా రెండు మాటలు మాట్లాడాలి.

ఇక మనలో మనం చేయగలిగినదానికి ఎవరి జీవో అక్కర్లేదు. ఈ పుస్తకం చదివే ఆదివాసీ టీచర్లు ఒక్కొక్కరు మన ఊరి పెద్దలను అడిగి పది మాటలు, ఒక కొలత, ఒక కథ రాసి పెట్టుకుందాం. ఏ ఊరిలో ఎవరు చెప్పారో కూడా రాద్దాం. రాబోయే కాంప్లెక్స్ మీటింగుకు వాటిని తెచ్చి కలుపుదాం. ఇరవై మంది తెస్తే రెండు వందల మాటలు, ఇరవై కథలు అవుతాయి. ఒక ఏడాది ఇంటిపనికి అవి చాలు. మేము ముందు ఆ అవ్వ తెచ్చిన కూర పేరు రాసుకున్నాం. మిగతా తొమ్మిది ఇంకా అడగాల్సి ఉంది.